వెనకాల వచ్చే గిటార్

ఆదివారం, రాత్రి

ఒళ్ళంతా నొప్పులు, అయినా నిద్ర రావడం లేదు. పొద్దున కారంపూడిలో చర్చి అయ్యాక దానియేలన్న, రాళ్ళ ఫ్యాక్టరీలో నాతో పనిచేసే నాగరాజు, నేను ఎప్పటిలాగే కూర్చున్నాం. తలా ఒక పాత ఇంగ్లీషు పాట వినిపించాలి. నేను రాక్ పాట పెట్టాను. చర్చిలో గిటార్ వాయించే దానియేలన్న అమెరికా పల్లెల కంట్రీ పాట ఒకటి పెట్టి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా ఎడమ చెవిలో పెట్టాడు.

"గొంతు కాదురా, వెనకాల సన్నగా గిటార్ ఏడుస్తది. అది ఇను."

కాసేపాగి, "చానా బాగుందన్నా" అన్నాను.

"ఒరేయ్, ఇంకా రాలేదు కదరా!"

నాగరాజు పడీపడీ నవ్వాడు. "ఈడికి రాళ్ళు కోసే మిషన్ పాటొక్కటే ఇనపడిద్దన్నా."

నేనూ నవ్వాను. తర్వాత గిటార్ వచ్చిందట. నాకు వినపడలేదు.

ఇందాక అదే పాట ఒకే ఇయర్‌ఫోన్‌తో చెవి మార్చి విన్నాను. కుడి చెవిలో గిటార్ ఉంది, నిజంగానే ఏడుస్తోంది. ఎడమ చెవిలో గొంతొక్కటే. మిషన్ దగ్గర బ్లేడు ఎప్పుడూ నా ఎడమ పక్కనే తిరుగుతుంది.

చెవుల్లో పత్తి పెట్టుకోమని పనిలో చేరిన మొదట్లోనే అమ్మ చెప్పింది...

పొద్దున్నే డ్యూటీ. రేపు మిషన్ దగ్గర ఎటు తిరిగి నిలబడాలో తెలియడం లేదు.