లక్క గాజు గోడ

శనివారం, రాత్రి

ఈ రోజు మా పాప హారిక బడిలో సైన్స్ ప్రదర్శన. మనిషి కణం నమూనా చేసి తెమ్మన్నారని నిన్న బళేపేట గాజుల అంగడి నుంచి సరుకు తెచ్చి నేనే ముందేసుకుని కూర్చున్నాను. కేంద్రకానికి ఎర్ర పూస, శక్తినిచ్చే మైటోకాండ్రియాకు గాజు ముక్కలు, చుట్టూ పెద్ద లక్క గాజు.

"మనిషి కణానికి గోడ ఉండదమ్మా, పలుచని పొరే ఉండాది. గోడ చెట్లకే," అని పాప అప్పుడే చెప్పింది.

"అంచు గట్టిగా లేకుంటే ఏదీ నిలబడదు, ఊరుకో," అన్నాను. గాజులమ్మే దాని తెలివి మరి.

టీచరమ్మ ఆ గాజు మీద వేలు పెట్టి, మనిషి కణానికి గోడ ఎందుకు కట్టావని హారికను కన్నడంలో అడిగింది. చుట్టూ ఉన్న తల్లులు నవ్వారు. నేను కట్టానని చెప్పాల్సింది. కొంగు సర్దుకుంటూ పక్క బల్ల వైపు చూశాను.

"నేనే తప్పు చేసినాను మిస్," అంది హారిక.

ఇంటికొచ్చి గాజు ఊడబెరికి, గాజులు చుట్టే పలుచని కవరు కత్తిరించి అక్కడ అతికించింది. "ఏది లోపలికి రావాల, ఏది బయటికి పోవాల, ఈ పొరే చూసుకుంటాదమ్మా," అని మెల్లగా చెప్పింది.

ముందే చెప్పినాను కదా అని మాత్రం అనలేదు. అని ఉంటే ఈ పాటికి నాకు నిద్ర పట్టేది.