జ్వరంతో చేసిన డ్యూటీ

రాహేలక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మా దవాఖానా నర్సులం కొందరం ఫ్లూ ట్రైనింగుకు మణుగూరు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందుగా ఒక్కటే అడిగింది. "జ్వరంతో డ్యూటీ చేసినోళ్లు చేతులెత్తుండ్రి." అందరం ఎత్తాం. అదేదో గొప్పయినట్టు నవ్వుతూ ఎత్తాం. ఆమె నవ్వలేదు.

"మీరు దగ్గితే మంచం మీదున్నోళ్లకు అంటుకుంటది. మీకు నాలుగు రోజుల్ల తగ్గుతది. వాళ్లల్ల కొందరికి తగ్గది."

అందరి చేతులూ దిగాయి. నా చెయ్యి మాత్రం అట్లాగే ఉండిపోయింది.

తుంటి విరిగి నువ్వు మా వార్డులో ఉన్నప్పుడు, నేను జ్వరం మాత్ర వేసుకుని వచ్చి నీకు జావ తాగించాను. "ఒళ్లు కాలుతుంది గదే, ఇంటికి పో," అన్నావు. "నిన్నిడిసి ఎట్ల పోతనక్కా?" అన్నాను. మూడో రోజు నీకు దగ్గు మొదలైంది. వారం తిరక్కుండానే ఊపిరి అందలేదు.

అది నా నుంచే వచ్చిందా అని డాక్టరమ్మను అడిగాను. ఇప్పుడు ఎవరూ చెప్పలేరంది. కాదని మాత్రం అనలేదు.

ఇంటికి రాగానే, ట్రైనింగుకు రాని మా వార్డు నర్సు సునీత ఫోన్ చేసింది. "జ్వరమొచ్చిందక్కా. గోలీ ఏసుకొని వస్తున్న."

"రాకు!" అని అరిచాను.

"మరి పేషెంట్లను ఎవరు చూస్తరక్కా?"

ఆమె డ్యూటీకి నేనే బయల్దేరుతున్నాను.

నీ చెల్లెలు,
మార్త