గంగాళం అడుగు

జమ్మలమడుగు

తహశీల్దారు గారికి, అనాథ బాలుర ఆశ్రమం వార్డెను వినయంగా రాసుకుంటున్న విన్నపం.

కరువు తీరి పులివెందుల గంజికేంద్రం ఎత్తేశాక, మిగిలిన సర్కారు సామాన్లలో ఒక పెద్ద గంగాళం మాకు ఉచితంగా ఇప్పించారు. రోజూ అందులో గంజి మిగిల్చి మేకలకు పోస్తున్నామని, ఇలాగైతే వెనక్కి తీసుకుంటామని మీరు పంపిన తాఖీదు అందింది. మిగులుతున్న మాట నిజమే.

మా వంటమనిషి ఓబుళమ్మ గంగాళం అడుగుకు గరిటె తగలనివ్వదు. ఎందుకో చెప్పదు. అందుకని నిన్న నేనే అడుగంతా గీకి పిల్లలకు పోశాను. ఆ చప్పుడుకు ఆమె పెరట్లోంచి పరుగున వచ్చి, చేతిలోని చెంబు చాచి, "అయిపాయనా సామీ? మా పిల్లోనికి ఇంగా పొయ్యలేదే," అంది.

ఆమెకు పిల్లలు లేరనే ఇన్నాళ్ళూ అనుకున్నాం. గంజికేంద్రంలో అడుగు గీకిన చప్పుడు వినబడితే, వరుసలో మిగిలినవాళ్ళు ఉత్త చెంబులతో ఇళ్ళకు మళ్ళేవారట. ఆమె కొడుకు ఆ కరువులోనే పోయాడట. ఆమె ఊరివాళ్ళు చెప్పారు.

గంగాళం వెనక్కి పంపేద్దామా అని ఓబుళమ్మను అడిగాను.

"వద్దు సామీ. ఇంగా యెవురన్నా వస్తే ఇంత ఉండల్ల గదా," అంది.

మేకలకు పోయడం మానిపిస్తాను. అడుగున మిగిలింది నేనే తాగుతాను. గీకమని మాత్రం ఆజ్ఞాపించకండి.

విధేయుడు,
వార్డెను