ఎర్ర చుక్క

జగ్గయ్యపేట, 18 నవంబరు 1986

ఇవాళ వెంకమ్మగారికి అబద్ధం చెప్పాను.

సున్నపురాయి క్వారీ ఎంత పెరిగిందో పోల్చడానికి ఉపగ్రహం తీసిన రెండు ఫోటోలతో పొద్దున సర్వే ఆఫీసు నుంచి బయల్దేరాను. ఒకటి పాతది, ఒకటి ఈ ఏటిది. క్వారీ పక్కన మిరపచేలో ఆవిడ కలిశారు. పాత ఫోటో పరిచి, ఆవిడ చేను వేలితో చూపించాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎర్రరంగేశారేందండీ? మా మరిది చేను గట్టురాళ్ళకీ ఇట్టాగే ఎర్రరంగు పూసి, నెల తిరక్కుండా క్వారీలో కలిపేశారు!"

"అది గుర్తు కాదండీ. ఈ ఫోటోలో పచ్చటి పైరు ఎర్రగా పడుద్ది. క్వారీ తెల్లగా ఉంటది. ఎరుపుంటే మీ చేను బాగున్నట్టే."

ఆవిడ నవ్వారు. "అయితే ఇప్పటిది చూపియ్యండి. ఈ ఏడు కాపు ఇంకా బాగుంది."

"అది ఆఫీసులో ఉందండీ," అన్నాను. అది నా సంచిలోనే ఉంది.

గట్టు మీద నిలబడితే ఆవిడకి ఒక్క వైపే క్వారీ కనబడుతుంది, మిగతా వైపులా చెట్లు అడ్డం. సంచిలోని ఈ ఏటి ఫోటోలో మూడు వైపులా తెలుపే. మధ్యలో ఆవిడ చేను కుంకుమ బొట్టంత మిగిలింది.

రేపు దీని మీద క్వారీ హద్దు గీయాల్సింది నేనే. ఆ చుక్కని తప్పించి గీస్తే, అదొక్కటీ ఎందుకు మిగిలిందని పైవాళ్ళ కళ్ళు దాని మీదే పడతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు రంగుడబ్బా పట్టుకుని ఆవిడ గట్టెక్కుతారు.

ఎరుపంటే భయం లేదని చెప్పొచ్చింది నేను.