ఒకే కాలువ వాళ్లు

తొర్రూరు,
జనవరి, 1984.

చిరంజీవి రాజమణికి,

మట్టెవాడ బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. మీ నాయన గట్టయ్య దశదినకర్మ నాడు నేను పందిరి బయటే నిలబడితే, నువ్వే వచ్చి చేయి పట్టుకున్నావు.

"కాకా, కాలువ కేసుల మీ వకీలు మా నాయినను నీకు రైవల్ అంటుండె గద. అది లాటిన్ల నుంచి వచ్చిన మాట. ఒక్క కాలువ నీళ్లు పారిచ్చుకునేటోళ్లని దాని అసలు అర్థం. లోపలికి రా, బువ్వ తిందువు గాని" అన్నావు.

ఆ రోజు తలూపి తిన్నాను. మాట మాత్రం ఇప్పుడు బోధపడుతోంది. మీ పొలం బీడు పడింది. నీళ్ల వంతు కోసం గెట్టు మీద కేకలు లేవు. మీ చిన్నమ్మ, నా ఇంటిది, పోయాక నాతో రోజూ మాట్లాడింది మీ నాయన ఒక్కడే, తిట్లే అనుకో.

మొన్న మంగళవారం, మీ వంతు నాడు, కావాలనే నీళ్లు నా మడికి తిప్పుకున్నాను. పొద్దు గూకేదాకా గెట్టు మీదే కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

పొలం అమ్ముతావని విన్నాను. నేనే కొంటానని అందరూ అనుకుంటున్నారు. నాకొద్దు బిడ్డా. వేరే ఎవరికీ అమ్మొద్దు కూడా. ఎవరికైనా కౌలుకివ్వు. కాస్త నోరున్న మనిషిని చూసి ఇవ్వు.

ఇట్లు,
మీ కాలువవాడు