ముడి వేసిన గడ్డి

బిడ్డా హైమా,

నా పేరు కన్నమ్మ. డెబ్బై దాటాయి. చర్ల అవతల, తాలిపేరు వాగు ఒడ్డు గూడెం మాది. ఇంట్లో నేను, నా కొడుకు జంపయ్య ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇది నీకు తెలియనిది కాదు. కానీ మీ అడవి ఆఫీసులో పెద్ద సారు "ఈమె ఎవరు?" అంటే నువ్వు నేల చూశావు. అందుకే మొదటి నుంచి చెప్పి, టైలరింగ్ షాపు షబ్రీన్ చేత రాయిస్తున్నాను.

వాగు పక్క బీడులో ఇంటి కప్పుకు గడ్డి కోసే ముందు గూడెంలో పెద్దావిడ నడవాలి. కౌజుపిట్ట గుడ్లు పెట్టిన చోట, కుందేలు, మా మాటలో చెవులపిల్లి, పిల్లల్ని దాచిన చోట, గడ్డి కొసలు కలిపి ముడి వేయాలి. కొడవళ్లు ఆ ముడిని తప్పించుకుని పోతాయి. మగవాళ్లు ముడి ముట్టరు. నిరుడు నువ్వు కొత్తగా డ్యూటీకి వచ్చి నా వెనకే నడిచావు. ఒక ముడి నువ్వూ వేసి, "అవ్వా, నాది జారిపోతున్నది" అని నవ్వావు. "జారనియ్యి బిడ్డా. తల్లి చెవులపిల్లి రావాలె, పోవాలె గద" అన్నాను. మా ఇంట్లో జావ తాగి పోయావు.

ఈ ఏడు మీవాళ్లు ముడులు చూసి ఉచ్చులనుకున్నారు. వాటి కింద కుందేలు పిల్లలు, పక్కన కొడవలితో జంపయ్య. "ఉచ్చులు ఎవరు పెట్టిండ్రు?" అంటే, నా మీదికి రాకుండా "నేనే సార్" అన్నాడు వెర్రివాడు. నువ్వు అక్కడే ఉన్నావు. ముడులు నావని నేను ఆఫీసుకు వచ్చి చెబితే, కొడుకు కోసం ముసల్ది అబద్ధమాడుతున్నదని నవ్వారు. బయట నువ్వు నా చెయ్యి పట్టుకుని, "నేనేం జేయాలె అవ్వా, నోరు దెరిస్తే నౌకరి పోతది" అన్నావు. నౌకరి నిలిచింది కదా. జంపయ్య ఇంకా జైల్లోనే ఉన్నాడు.

మొన్న మా గూడెంవాళ్లు మిగతా గడ్డి కోశారు. కేసు భయానికి నన్ను ముడి వేయనివ్వలేదు. ఉత్త చేతులతోనే ముందు నడిచాను. వెనక కొడవళ్ల చప్పుడు. పక్కింటి ద్వాలి ఉన్నట్టుండి కూలబడి ఏడ్చింది. ఆమె కొడవలి కింద ఏం తెగిందో నేను తిరిగి చూడలేదు.

వాగు మలుపులో ఇంకొంచెం గడ్డి నిలిచి ఉంది. అక్కడ కుందేలు పిల్లలు పెట్టింది. ఈ ఉత్తరం పోస్టులో వేసి, పోయి ముడి వేసి పక్కనే కూర్చుంటాను. మీవాళ్లను పంపు. నన్ను తీసుకుపోయాక ఆ ముడీ విప్పుతారు, ఆ గడ్డీ కోస్తారు. ముడులు వేసేది ఎవరో, ఎందుకో మీ ఆఫీసులో చెప్పగల మనిషివి నువ్వొక్కదానివే. చెప్పవు. తెలుసు. అయినా వచ్చి, వాళ్ల ముందర ఆ ముడిలో వేలు పెట్టి గుంజి చూడు. ఉచ్చయితే వేలికి బిగుసుకుంటుంది. ఇది నిరుడు నీది జారినట్టే జారుతుంది.

నీకు జావ పోసిన అవ్వ,
కన్నమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
ద్వాలి, వేలిముద్ర
షబ్రీన్, చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం