జానెడు కిందికి దిగిన రింగు

జూన్ 9, పెనుకొండ

నీలగిరి తోటలో చుట్టుకొలతల రోజు. ఎండ మండిపోతోంది, నేను అంతకన్నా. మూల చెట్టుకు అల్లుకున్న తీగ ఈ ఎండలకు మాడి రాలిపోయింది. దాని కింద మేం టేపు చుట్టే తెల్ల రంగు రింగు. దానికి జానెడు పైన, ఇన్నాళ్ళూ తీగ కప్పేసిన చోట, ఇంకో రింగు. పాతది, వెలిసిపోయింది.

ఒక చెట్టుకు రెండు రింగులెందుకు?

ఛాతీ ఎత్తు చూసే కొలకర్ర తెప్పించి చెట్టుకు ఆనించాను. పాత రింగు సరిగ్గా కర్ర కొసకు వచ్చింది. కొత్తది... జానెడు కిందికి. తోటంతా తిరిగి కర్ర పెట్టి చూశాం. ప్రతి చెట్టుకూ రింగు అంతే కిందికి.

రింగులు పూసే వాచర్ ఓబులేసును అడిగా. దాచలేదు, తడుముకోలేదు.

"కర్రెందుకు మేడం? వచ్చినకాడ్నుంచి నా రొమ్మెత్తుకే పూస్తాండా."

పొట్టి మనిషి. నా భుజం దాకా వస్తాడు.

జూన్ 10, హిందూపురం

పొద్దున్నుంచి పాత రిజిస్టర్లు. చేతులంతా దుమ్ము.

ఈ నీలగిరికి బెరడు ఏటా ఊడుతుంది, రంగూ దాంతోపాటే పోతుంది, మళ్ళీ పూయాలి. మూల చెట్టు బెరడును మాత్రం తీగ ఊడనివ్వలేదు. పాత వాచర్ హనుమంతప్ప ఉన్నన్నాళ్ళూ కర్ర పెట్టి పూశాడు. ఆయన రిటైరై ఓబులేసు వచ్చింది కరువు ఏడు. చెట్లు లావెక్కినట్టు కనిపించిందీ ఆ ఏడే. చెట్టు కింద లావు, పైన సన్నం — అంగన్‌వాడీ పిల్లకైనా తెలుసు. నాకు డాక్టరేటు ఉంది.

వాన పడని ఏడు కూడా పెరిగే రకం! అని నేను రాసిన ఆ ఒక్క పేపరు మీదే నా ప్రమోషను, శాలువాలు. ముదిరే ఎండలకు ఇదే చెట్టు అని ఎన్ని వేదికలెక్కి వాగాను... చెట్టు పెరగలేదు. టేపు కిందికి దిగింది.

జూన్ 11

ఓబులేసు మీద కోపంతో అన్నం సయించలేదు.

జూన్ 12

గుర్తొచ్చింది. చెప్పింది నేనే.

అతను చేరిన మొదటి రోజు. కర్ర ఆఫీసులో మరిచిపోయి వచ్చా. హిందూపురం బస్సుకు టైమవుతోంది. ఛాతీ ఎత్తున పూయాలి, నీ ఛాతీ చూసుకుని పూసెయ్యి అన్నాను. ఆ ఒక్క రోజుకే అని నా ఉద్దేశం. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. మర్నాడు వెళ్ళి చూడనూ లేదు. మేడం చెప్పింది కదా అని ఇన్నేళ్ళూ శ్రద్ధగా, ఒక్క చెట్టూ వదలకుండా... నన్ను చెప్పుతో కొట్టాలి.

జూన్ 14

డైరెక్టర్‌కు ఫోన్ చేశా. రెండు రింగులు, కర్ర, కరువు ఏడు — అంతా చెప్పా. ఎవరి మాట మీద పూశాడో తప్ప. నవ్వాడు మహానుభావుడు. లెక్కలో ఏదో దిద్దుబాటు వేసి సర్దెయ్యండి అన్నాడు. పెనుకొండ వెనక గుట్టల పొడుగునా ఇదే రకం నాటడానికి ఆమోదం వచ్చేసిందట. నా సంతకం ఒక్కటే తక్కువట. ఆ గుట్టల్ని కారు అద్దంలోంచైనా చూశాడో లేదో.

జూన్ 16, పెనుకొండ

గుట్ట కింద అప్పుడే సున్నం గీతలు. ఎవడికంత తొందర?

ఓబులేసు అక్క లచ్చుమక్క గొర్రెలతో ఎదురైంది. గీత దాటాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది. కంచె కూడా వేస్తారని ఎవరో చెప్పారట.

"ఈ గుట్ట మూసేస్తే గొర్రెల్ని యాడికి తోలుకోని పోవల్లమ్మా?"

ఇంకా చూద్దాం, ఏదీ తేలలేదు అని నసిగాను. ఆమె గొర్రెల్ని అదిలిస్తూనే, వానల్లేకున్నా పెరిగే చెట్టును నువ్వే కనిపెడితివంట కదా, నిజమేనా అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకుందామనే.

అవునన్నాను.

జూన్ 19, ధర్మవరం

గెస్ట్‌హౌస్. డైరెక్టర్ ఫైలు ముందుకు తోశాడు. సంతకం చెయ్యనన్నా. మొదటి కరువుకే ఈ మొక్కలన్నీ ఎండిపోతాయన్నా. "అప్పటికి మీరూ నేనూ రిటైరైపోతాం కదమ్మా," అన్నాడు, వడ తుంచుకుంటూ.

తర్వాత నాకు సాయం చేస్తున్నట్టు మొహం పెట్టి ఇంకో దారి చూపించాడు. రేపెవరైనా ఈ సంగతి తవ్వితే ఉంటుంది, వాచర్ తప్పుగా పూశాడని ఇప్పుడే ఒక కాగితం పెట్టుకోండి. వాడికి మెమో ఇద్దాం. మీ పేరుకు మచ్చ ఉండదు.

అప్పుడు చెప్పాల్సింది. పూయమన్నది నేనండీ అని. రెండే మాటలు. సంతకం పెట్టలేదని పెద్ద పొడిచినట్టు తల ఎగరేసుకుంటూ బయటికొచ్చా.

జూన్ 20

వచ్చేముందు ఆయనతో కూర్చుని టీ కూడా తాగాను. టీ!

జూన్ 22, హిందూపురం

ఉత్తరం రాశా. పేపరు అచ్చేసిన పత్రికకు ఒకటి, డైరెక్టర్ పైవాళ్ళకు ఒకటి. కరువు ఏడు చెట్లు పెరగలేదు, నా ఫలితం తప్పు, గుట్ట మీద నాటడం ఆపండి. ఇంతవరకు గడగడా వచ్చింది. కారణం దగ్గర పెన్ను ఆగింది. 'క్షేత్ర సిబ్బంది పొరపాటు' అని రాసుకుపోయింది నా చెయ్యి, ఎవరో చెప్పి రాయించినట్టు. చించేశా. 'కర్ర లేకుండా పూయమని చెప్పింది నేను' అని రాశా. అది చదువుకుంటే ఒళ్ళు మండింది. చదివి ఎవరెవరు నవ్వుతారో వరసగా కళ్ళముందు కనిపించారు.

జూన్ 23

మధ్యాహ్నం ఓబులేసు ఆఫీసుకొచ్చాడు. చేతిలో డైరెక్టర్ పంపిన మెమో. నాలుగు మడతలు పెట్టి ఉంది. చదివించుకున్నాడట. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మీరు చెప్పిన సంగతి నేనెవురికీ చెప్పలేదు మేడం అన్నాడు. అంటే అతనికి గుర్తుంది. ఆ బస్సు, ఆ మాట, అన్నీ.

"నా పేరే రాసేయండి. నేనే తెలీక పూసినానని. మీది పెద్ద ఉద్యోగం. నాకేమి, గొర్రెలుండాయి."

అరిచాను. ఏ గుట్ట మీద మేపుతావు వాటిని, నీకేమైనా బుద్ధుందా అని. పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. తల వంచుకుని వెళ్ళిపోయాడు. మెమో టేబుల్ మీదే వదిలేసి.

నా సంతకం లేకుండానే సోమవారం గుట్ట మీద గుంతలు మొదలట. ఉత్తరాలు రెండూ బ్యాగులోనే ఉన్నాయి, సంతకం పెట్టినవి. పోస్టాఫీసు ముందు నుంచే ఇంటికొచ్చాను.

అతను తన పేరే రాసేయమన్నప్పుడు, ఒక్క క్షణం, నాకు హాయిగా అనిపించింది. అరిచింది అందుకే.